శేషాచలం అడవిలో కనిపించే మూషిక జింక, జింక పిల్లేనా?

కాదు, అది పూర్తిగా ఎదిగిన జంతువే, పైగా అసలైన జింకల కుటుంబానికి చెందినది కూడా కాదు. చుక్కల దుప్పి, కణితి సెర్విడే కుటుంబంలోవి. మూషిక జింకది ట్రాగులిడే అనే వేరే కుటుంబం, చాలా పురాతనమైనది.

అసలు తేడా శరీర నిర్మాణంలో ఉంది. దుప్పి కడుపులో నాలుగు గదులుంటాయి. మూషిక జింకకు మూడే సరిగా ఎదిగి ఉంటాయి, అయినా నెమరు వేస్తుంది. మగదానికి కూడా కొమ్ములు ఎప్పటికీ రావు. బదులుగా పైదవడ కోరలు పొడవుగా పెరుగుతాయి, మగవి పోట్లాడుకునేది వాటితోనే. ఎంత ఎదిగినా బరువు సుమారు 3 కిలోలు, ఎత్తు అడుగు లోపే.

తిరుమల కొండల్లో కనిపించే చుక్కల దుప్పి పిల్లతో పోల్చి చూడండి. పిల్లకు కాళ్లు పొడవు, చుక్కలు విడివిడిగా ఉంటాయి. మూషిక జింకకు పక్కల మీది చుక్కలు కలిసిపోయి చారల్లా సాగుతాయి, గొంతు కింద తెల్లటి పట్టీలుంటాయి, కాళ్లు పుల్లల్లా సన్నగా ఉంటాయి. పగలు బండల సందుల్లో, చెట్టు తొర్రల్లో దాక్కుని, రాత్రిపూట రాలిన పండ్ల కోసం ఒంటరిగా తిరుగుతుంది.

ఒంటరిగా, కదలకుండా ఉండటం చూసి చాలామంది తల్లి నుంచి తప్పిపోయిన పిల్ల అనుకుంటారు. నిజానికి భయం వేస్తే అలా బిగుసుకుపోవడం దాని అలవాటు. దయచేసి కాపాడుతున్నామనుకుని ఎత్తుకెళ్లకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పట్టుకోవడం నేరం.