రాత తడబడితే బడిని ఏం అడగాలి?

ప్రశ్న: మాది బెంగళూరు. బాబుకు తొమ్మిదేళ్లు, సీబీఎస్‌ఈ బడి. పాఠం నోటితో గడగడా చెబుతాడు. రాయమంటే బి, డి తారుమారు. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లిషు, కన్నడ కావడం వల్లే అంటున్నారు టీచర్. నిజమేనా?
– ఒక తల్లి

జవాబు: భాషలు ఎక్కువైతే ఒక్కో భాషలో పదాలు కాస్త ఆలస్యంగా పట్టుబడవచ్చు గానీ, డిస్లెక్సియా (చదవడం, రాయడం కష్టమయ్యే అభ్యసన లోపం) రాదమ్మా. తెలుగులోనే అడిగి చూడండి: ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుంది? ‘లక’ అనడానికీ తడుముకుంటుంటే ఇంగ్లిషు ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఇది ఆనవాలు మాత్రమే, నిర్ధారణ కాదు.

ముందు చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. తర్వాత మీ ఊళ్లోనే ఉన్న మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగానికి వెళ్లండి. బాబు రాసిన నోట్సులు పట్టుకెళ్లండి, ఇంటిభాష తెలుగని తప్పక చెప్పండి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ అభ్యసన లోపమూ ఉంది. రిపోర్టు జతచేసి బడికి లేఖ ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. నోటిమాటగా ఒప్పుకున్నది టీచర్ మారగానే గాలికి పోతుంది. బోర్డు మీది పాఠానికి ప్రింటు కాపీ, స్పెల్లింగుకు మార్కులు కోయకపోవడం, కొన్ని జవాబులు నోటితో చెప్పనివ్వడం అడగండి. తప్పు రాసిన మాటను పదిసార్లు రాయించడం మాత్రం ఆపించండి. చిక్కు ఉన్నది శబ్దాన్ని అక్షరంతో కలపడంలో, చేతిలో కాదు.

ఈ లోపం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పదో తరగతి బోర్డు పరీక్షలో 3 గంటల పేపరుకు 60 నిమిషాలు అదనంగా ఇస్తారు.