రూహ్‌ను ఆత్మ అని రాసే ముందు

చిరంజీవికి ఆశీస్సులు.

ఇస్లాంలో ఆత్మ భావన మీద నువ్వు రాసి పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఎంతో శ్రమపడ్డావు. అయితే మొదటి పేరాలోనే ఖురాన్‌లో వచ్చే అరబ్బీ మాటను పట్టుకుని 'రూహ్ అంటే ఆత్మ' అని తేల్చేసి, ఆ తెలుగు మాటకున్న అర్థాలన్నిటినీ రూహ్ మీద మోపావు. ఆత్మ అనగానే పుట్టుకా చావూ లేనిది, పరమాత్మతో ఒకటైనది అన్న భావం మనకు తెలియకుండానే వెంట వస్తుంది. ఖురాన్‌లోనైతే సృష్టికర్త వేరు, సృష్టి వేరు.

ప్రవక్తను రూహ్ గురించి అడిగినప్పుడు వచ్చిన జవాబు ఖురాన్ 17వ సూరా (అధ్యాయం) 85వ వాక్యంలో ఉంది: అది నా ప్రభువు ఆజ్ఞకు సంబంధించినది, మీకు ఇచ్చిన జ్ఞానం కొంచెమే. గ్రంథమే ఇంత పొదుపుగా బదులిచ్చిన చోట మనం నిర్వచనాలు గుప్పించడం నాకు సబబుగా తోచదు. ముందు ఆ మాట వచ్చిన చోట్లను పక్కపక్కన పెట్టి చూడు. మట్టితో మలచిన ఆదంలోకి దేవుడు ఊదినది రూహ్ (15:29). ఈసాను (యేసును) దేవుని నుంచి వచ్చిన రూహ్ అన్నారు (4:171). దైవవాణిని తెచ్చిన 'నమ్మకమైన రూహ్' (26:193) జిబ్రీల్ దూతేనని వ్యాఖ్యాతలు చెబుతారు. ఇన్నిటికీ ఒక్క తెలుగు మాట అతకదు.

మనిషిలోని 'తాను'ను చెప్పే మరో ఖురాన్ మాట నఫ్స్‌ను కూడా నువ్వు ఆత్మ అనే రాశావు. చెడుకు పురికొల్పే నఫ్స్ 12వ సూరాలో, తన్ను తాను నిందించుకునే నఫ్స్ 75లో, నెమ్మదించిన నఫ్స్ 89లో కనిపిస్తాయి. సూఫీలు వీటిని సాధకుడు ఎక్కవలసిన మెట్లుగా చదివారు. అరబ్బీలో నఫ్స్‌కూ ఊపిరి అనే అర్థమున్న నఫస్‌కూ ధాతువు ఒకటే, రూహ్‌కూ గాలి అనే అర్థమున్న రీహ్‌కూ అంతే. ఆ ఊపిరి చప్పుడు 'ఆత్మ'లో కంటే మన 'ప్రాణం'లోనే ఎక్కువగా వినిపిస్తుంది.

1111లో మరణించిన ముస్లిం పండితుడు గజాలీని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, అక్కడే నిలబడవలసింది. ఆయన రూహ్‌కు రెండు అర్థాలు చెప్పాడు. మొదటిది వైద్యులు చెప్పేది, గుండె లోపల పుట్టి నాళాల గుండా ఒళ్లంతా పాకే సూక్ష్మమైన ఆవిరి. ఇంట్లో దీపాన్ని మూలమూలకూ తిప్పితే గోడలు వెలిగినట్టు, అది చేరిన చోటల్లా చూపు, వినికిడి, స్పర్శ మేలుకుంటాయి. రెండోది మనిషిలో ఎరిగే, గ్రహించే తత్త్వం. దాని దగ్గరికి వచ్చేసరికి అంతటి పండితుడూ పైన చెప్పిన ఖురాన్ వాక్యాన్నే ఉటంకించి, దాని నిజస్వరూపం బుద్ధికి అందదని ఆగిపోయాడు. ఆ ఆగడం నాకు ఎంతో ఇష్టం.

'సూఫీలు ముస్లిం అద్వైతులు' అన్న వాక్యాన్ని మాత్రం తప్పక కొట్టెయ్యి. లాహోర్‌లో సమాధి ఉన్న హుజ్వీరీ సూఫీయే. రూహ్ అనాది అన్నవారిని ఖండించి, అది సృష్టి అయినదేనని ఆయన వాదించాడు.

రూహ్‌ను రూహ్‌గా, నఫ్స్‌ను నఫ్స్‌గా ఉంచి, ఒక్కో చోట ఆ మాట ఏం చేస్తోందో చెబుతూ వ్యాసాన్ని తిరగరాసి పంపు. దీపం పోలిక దగ్గర ఎంత చోటు తీసుకున్నా ఫరవాలేదు.