ముందు నురుగు, తర్వాతే రేజరు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

రెండంచుల బ్లేడు బిగించే సేఫ్టీ రేజరు, బ్రష్, సబ్బు నురుగుతో ఇంట్లోనే గడ్డం గీసుకోవడం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి ఈసారి చాలా ప్రశ్నలు వచ్చాయి. ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: కార్ట్‌రిడ్జ్ రేజరు రీఫిళ్లకి డబ్బులు పెట్టలేకపోతున్నాను. సేఫ్టీ రేజరుకి మారదామని చూస్తే ఆన్‌లైన్లో అన్నీ మూడేసి వేల రూపాయల కిట్లే కనిపిస్తున్నాయండీ. వెయ్యి రూపాయల్లో అయ్యే పనేనా? (డిగ్రీ విద్యార్థి, నరసన్నపేట)

అవుతుంది. కిట్ మాత్రం కొనకండి. అందులో చాలా డబ్బు స్టాండుకీ, గిన్నెకీ, అందమైన పెట్టెకీ పోతుంది. మీకు కావలసినవి నాలుగే: రేజరు, బ్లేడ్లు, బ్రష్, క్రీము. గిన్నె వంటింట్లో ఉంది, పటిక ముక్క కిరాణా కొట్లో దొరుకుతుంది.

రేజరు మూడు ముక్కలుగా విడిపోయేది తీసుకోండి. పైన మూత, మధ్యలో పలక, కింద పిడి. పిడి తిప్పితే తల తలుపుల్లా తెరుచుకునే రకం బ్లేడు మార్చడానికి సుఖమే గానీ, ఆ కీళ్లలో సబ్బు, నీటి సున్నం పేరుకుంటే తీయడం కష్టం. మూడు ముక్కలదైతే విప్పి కుళాయి కింద పెడితే చాలు. పలక అంచు దువ్వెన పళ్లలా చీలి ఉన్నది కాకుండా సాదాగా ఉన్నది ఎంచుకోండి. పళ్లున్నవి నాలుగైదు రోజులు పెరిగిన గడ్డానికి బాగుంటాయి, కొత్త చేతికి కాదు. అమ్మేవాళ్లు బ్లేడు సందు, అంటే బ్లేడు అంచుకీ పలకకీ మధ్య ఖాళీ, ఎంతో రాస్తే చూడండి. సుమారు 0.5 నుంచి 0.7 మిల్లీమీటర్లు అయితే మెత్తగా గీస్తుంది. 1 మిల్లీమీటరు దాటినవి చేయి తిరిగాక చూసుకోవచ్చు. ఆ లెక్క రాయకపోతే ‘మైల్డ్’ అన్న మాట కోసం వెతకండి.

బరువు 70 నుంచి 100 గ్రాముల మధ్య ఉండాలి. మరీ తేలికైన ప్లాస్టిక్ పిడి రేజరైతే మనమే నొక్కాల్సి వస్తుంది. గాట్లన్నీ ఆ నొక్కుడులోంచే వస్తాయి. మీ బడ్జెట్‌లో వచ్చేవి దాదాపు అన్నీ జింకు మిశ్రమం మీద క్రోము పూత వేసినవి. అవి పనికిరానివేం కావు. కాకపోతే బాత్రూం గచ్చు మీద పడితే మూత కింద ఉండే మర పుల్ల పుటుక్కున విరుగుతుంది, దాన్ని అతికించలేం. రేజరు చేతికి రాగానే బ్లేడు బిగించి, పై నుంచి నిటారుగా చూడండి. రెండు పక్కలా బ్లేడు సమానంగా బయటికి కనపడాలి. ఒకవైపు ఎక్కువ కనిపిస్తే విప్పి మళ్లీ బిగించండి. అప్పటికీ అలాగే ఉంటే వాపసు పంపేయండి.

బ్రష్ సింథటిక్ కుచ్చుది, కుచ్చు మొదట్లో 22 నుంచి 24 మిల్లీమీటర్ల మందం ఉన్నది కొనండి. పంది వెంట్రుకల బ్రష్ చవకే గానీ ప్రతిసారీ మూడు నాలుగు నిమిషాలు నీళ్లలో నానాలి, మొదట్లో వాసనేస్తుంది, మన తీరం చెమ్మలో త్వరగా ఆరదు. సింథటిక్‌ది రెండుసార్లు విదిలిస్తే ఆరిపోతుంది. క్రీము ట్యూబు కొనేటప్పుడు ఒకటి గమనించండి: బ్రష్ అక్కర్లేని రకం క్రీములు కూడా పక్కనే పెడతారు, వాటికి నురుగు రాదు. ‘లాదర్’ (నురుగు) అన్న మాట ట్యూబు మీద ఉండాలి.

మీ వెయ్యిలో సగం రేజరుకి, పావు వంతు బ్రష్‌కి, మిగిలింది క్రీముకీ బ్లేడ్లకీ సరిపోతుంది. ఒక్క మాట గట్టిగా చెబుతున్నాం. డబ్బు మిగిలితే ఇంకా ఖరీదైన రేజరు మీద కాకుండా మంచి క్రీము మీద పెట్టండి. నురుగు బాగుంటే మామూలు రేజరైనా హాయిగా గీస్తుంది. నురుగు చెడితే ఎంత గొప్ప రేజరైనా మంట పెడుతుంది.

ప్రశ్న: మాది బోరు నీరు. ఎంత క్రీము వేసినా నురుగు నిలవదు, ముఖం మీదే ఎండిపోతోంది. బ్రష్ మార్చాలా? (సోంపేట నుంచి ఒక పాఠకుడు)

బ్రష్ తప్పు కాదు, నీరు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే అవి సబ్బుతో కలిసి నీటిలో కరగని తెట్టు అవుతాయి. బకెట్ అంచున తెల్లగా పట్టే చారలు అవే. మీరు వేసిన క్రీములో కొంత ఆ తెట్టుకే ఖర్చయిపోతుంది, మిగిలినదే నురుగవుతుంది.

నిర్ధారించుకోవాలంటే ఒక ఖాళీ నీళ్ల సీసాలో సగం వరకు బోరు నీరు పోసి, స్నానం సబ్బు చెక్కు చిన్నది వేసి గట్టిగా కుదపండి. ఇంకో సీసాలో ఫిల్టరు నీటితో అలాగే చేయండి. మొదటిదాంట్లో నురుగు పల్చగా ఉండి నీరు పాలలా తెల్లబడితే అది గట్టి నీరే. గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఈ పరీక్ష చేయకండి, అది ఎలాంటి నీటిలోనైనా నురగలు కక్కుతుంది.

విరుగుడు సులువే. నురుగు చేయడానికి చిన్న గ్లాసుడు నీళ్లు చాలు. ఆ గ్లాసు మాత్రం తాగే ఫిల్టరు నీళ్లు వాడండి. ఉద్దానంలో వంశధార నీరు ఇంటికి వస్తుంటే అది సాధారణంగా బోరు కన్నా మెత్తగా ఉంటుంది. వానాకాలం పట్టిన వాన నీరు అన్నిటికన్నా మేలు. కాచి చల్లార్చిన బోరు నీరు కొంతవరకే పనిచేస్తుంది. గిన్నె అడుగున పొరలా పట్టే సున్నం మాత్రమే కాచినప్పుడు విడిపోతుంది, మిగతాది నీళ్లలోనే ఉండిపోతుంది. రేజరు కడగడానికి బోరు నీరు ఫర్వాలేదు. చివర్లో ముఖం మీద ఒక చెంబుడు మంచినీళ్లు పోసుకుంటే చర్మం బిగుసుకుపోయినట్టు ఉండదు.

నురుగు చేసే పద్ధతి కూడా సరిచూసుకోండి. బ్రష్ తడిపి, రెండుసార్లు విదిలించి, శనగ గింజ కన్నా కాస్త పెద్దగా క్రీము గిన్నెలో వేసి తిప్పండి. మొదట ముద్దలా ఉంటుంది. చిటికెన వేలు ముంచి నాలుగైదు చుక్కలు నీరు చేర్చండి, మళ్లీ తిప్పండి. ఇలా మూడు నాలుగు విడతలు, మొత్తం నిమిషంన్నర పడుతుంది. పూర్తయిన నురుగు గడ్డపెరుగులా నిగనిగలాడుతుంది, విడి బుడగ కంటికి కనపడదు. పెద్ద పెద్ద బుడగలొస్తే నీరు ఎక్కువైనట్టు, మరికాస్త క్రీము వేయండి. ముఖం మీద ఎండి పొలుసులా లేస్తే నీరు తక్కువైనట్టు. చాలామంది చేసే తప్పు ఈ రెండోదే. పొడిగా, బొద్దుగా కనిపించే నురుగు చూడ్డానికి బాగుంటుంది గానీ దాని మీద బ్లేడు జారదు.

గిన్నె అడుగు కాస్త గరుకుగా, వెడల్పుగా ఉంటే తిప్పడం తేలిక. మామూలు స్టీలు గిన్నె చాలు. మీ దగ్గర బుడితి ఊళ్లో చేసే ఇత్తడి గిన్నె ఉంటే ఇంకా మంచిది. బరువుకి జారకుండా నిలబడుతుంది, చలికాలంలో వేడినీళ్లతో తొలిస్తే కాసేపు వెచ్చగా ఉంటుంది.

ప్రశ్న: మా బాబుకి పదిహేడేళ్లు. వాళ్ల నాన్నగారి రేజరు తీసి వాడేస్తున్నాడు. సేఫ్టీ రేజరు ఇప్పుడే ఇవ్వొచ్చా అండీ? (ఒక తల్లి, బొబ్బిలి)

ఇవ్వొచ్చమ్మా, కానీ వాళ్ల నాన్నగారిది కాదు. రేజరైనా బ్లేడైనా ఎవరిది వాళ్లకే ఉండాలి, హెపటైటిస్ బి లాంటివి అంటుకునే దారుల్లో ఇదొకటి. బుగ్గల మీద మొటిమలు ఎక్కువగా ఉంటే కొన్నాళ్లు ట్రిమ్మరుతో సరిపెట్టుకోమనండి. లేకపోతే మెత్తటి రేజరు ఒకటి కొనిచ్చి, మొదటి రెండు మూడు సార్లు పెద్దవాళ్లెవరైనా పక్కనుండి చూపిస్తే చాలు. బ్లేడు పట్టుకునేటప్పుడు పదును లేని పొట్టి చివరలే పట్టుకోవాలని ముందే చెప్పండి.

ప్రశ్న: సేఫ్టీ రేజరుకి మారి నెలైంది. బుగ్గలు బాగానే వస్తున్నాయి, మెడ మీద మాత్రం మంట, ఎర్రని పొక్కులు. ఫెదర్ బ్లేడు వాడుతున్నాను. ఏ బ్లేడు మంచిది? (ఉపాధ్యాయుడు, రాజాం)

ముందు బ్లేడు సంగతి. జపాన్ ఫెదర్ చాలా పదునైనది, నెల రోజుల చేతికి అది తొందరే. మన దగ్గర దొరికే 7 ఓ క్లాక్, విల్కిన్సన్, సూపర్‌మాక్స్, టోపాజ్‌లలో ఒక్కో చిన్న ప్యాకెట్టు తెచ్చి, ఒక్కో రకం రెండు వారాలు వాడి చూడండి. ఒకరి గడ్డానికి వెన్నలా సాగిన బ్లేడు ఇంకొకరికి పీకినట్టుంటుంది. పక్కింటివాళ్ల మాట విని వంద బ్లేడ్ల డబ్బా కొనేయకండి. ఏదైనా మూడు నుంచి ఐదుసార్లు గడ్డం గీసుకున్నాక మార్చేయండి. వెంట్రుక లాగినట్టు అనిపిస్తే ఇంకా ముందే.

మెడ మంటకి మాత్రం బ్లేడు కన్నా దిశ ముఖ్యం. గడ్డం రెండు రోజులు పెరగనిచ్చి, వేలితో మెడ అంతా తడిమి చూడండి. నున్నగా జారే వైపు వాలు, గరగరలాడే వైపు ఎదురు. చాలామందికి మెడ కింద భాగంలో వెంట్రుకలు పైకో పక్కకో వాలి ఉంటాయి. బుగ్గల అలవాటుతో పైనుంచి కిందికి లాగితే అక్కడ అది ఎదురు గీత అవుతుంది. మీ మెడని నాలుగు భాగాలు అనుకుని ఒక్కోదాని వాలు కాగితం మీద బాణం గుర్తులతో వేసుకోండి.

రేజరు పట్టే తీరు ఇది. మూత అంచుని చర్మానికి ఆనించి, పిడి ముఖం నుంచి నేరుగా బయటికి ఉండేలా పట్టుకోండి. ఇప్పుడు పిడిని మెల్లగా కిందికి వాల్చుతూ రండి. బ్లేడు వెంట్రుకని తాకిన సన్నని చప్పుడు వినిపించే చోట ఆగండి. బ్లేడు చర్మానికి ఇంచుమించు 30 డిగ్రీల్లో ఉంటుంది. పిడిని చివర పట్టుకుంటే నొక్కడం కుదరదు, మీకు కావలసిందీ అదే. అంగుళం మించని చిన్న గీతలు, రెండో చేత్తో చర్మం సాగదీసి, వాలుకే గీయండి. నురుగు పోయిన చోట మళ్లీ గీయకండి, మళ్లీ నురుగు రాశాకే.

నెల రోజులపాటు మెడ మీద ఒక్క విడతే, అదీ వాలుకే. ఎదురు గీత వద్దు. నున్నదనం కాస్త తగ్గుతుంది, ఒప్పుకోవాలి. మీ వెంట్రుకలు రింగులు తిరిగేవైతే ఎదురు గీత ఎప్పటికీ మానేయడమే మంచిది. మరీ దగ్గరగా తెగిన వెంట్రుక వంకర తిరిగి చర్మంలోకే పెరుగుతుంది, ఆ పొక్కులు అవే. చీము పడితే చర్మం డాక్టరుకి చూపించండి.

గీసుకున్నాక తడి పటిక ముఖమంతా ఒకసారి తిప్పి, అర నిమిషం ఉంచి కడిగేయండి. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ ఎక్కువ నొక్కారని అర్థం. మర్నాటికి అదే పాఠం.

ప్రశ్న: మా తాతగారి పెట్టెలో పాత జిలెట్ రేజరు దొరికింది, నల్లగా ఉంది. వాడొచ్చా? (చీపురుపల్లి)

చాలావరకు వాడొచ్చు. కింగ్ క్యాంప్ జిలెట్‌కి ఈ రేజరు మీద అమెరికాలో పేటెంటు వచ్చింది 1904లో. మధ్యలో చీలికతో ఉన్న ఈనాటి బ్లేడు ఆ పాత రేజర్లలోనూ సరిపోతుంది. నల్లగా ఉందని చింతపండుతో తోమకండి. పైన ఉన్నది నికెలో, బంగారు పూతో అయితే అలా తోమితే పాడవచ్చు. గోరువెచ్చని నీళ్లలో గిన్నెల లిక్విడ్ రెండు చుక్కలు వేసి అరగంట నానబెట్టి, పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. ఆరాక సర్జికల్ స్పిరిట్‌లో పది నిమిషాలు ఉంచండి. తర్వాత పలక వంగిందా, పిడి మొదట్లో సన్నని పగులుందా చూడండి. పగులుంటే బ్లేడు బిగుసుకోదు, అప్పుడది దాచుకోవడానికే.

ప్రశ్న: మా బావగారు దుబాయ్ నుంచి వచ్చివెళ్తుంటారు. ఈ రేజరు విమానంలో తీసుకెళ్లనిస్తారా? (విజయనగరం)

రేజరు, బ్లేడ్లు రెండూ చెక్-ఇన్ లగేజీలో పెట్టమనండి. చేతి సంచీలో బ్లేడ్లు ఉంటే తనిఖీలో తీసేస్తారు.

ప్రశ్న: సముద్రం పక్కనే ఇల్లు. బ్లేడు రెండో రోజుకే తుప్పు పడుతోంది. వాడేసిన బ్లేడ్లు ఎక్కడ పడేయాలో కూడా చెప్పండి. (బారువ)

ఉప్పు గాలికి కార్బన్ స్టీలు బ్లేడు ఒక్క రాత్రి కూడా ఆగదు. ప్యాకెట్టు మీద ‘స్టెయిన్‌లెస్’ అని ఉన్నదే కొనండి. గీసుకోవడం అయ్యాక పిడి అర చుట్టు వదులు చేసి కుళాయి కింద ఆడించి, విదిలించి, బాత్రూంలో కాకుండా గాలి తగిలే గదిలో ఉంచండి. బ్లేడుని గుడ్డతో తుడవకండి, అంచు పోతుంది, వేలు తెగుతుంది. క్రోము పూత ఎక్కడైనా లేచి కింద బూడిద రంగు పొడి కనిపిస్తే ఆ రేజరుకి ఆయుష్షు తక్కువే. ఈసారి కొనేటప్పుడు కాస్త ఎక్కువ పెట్టి స్టెయిన్‌లెస్ స్టీలుది తీసుకోండి.

పాత బ్లేడ్లని చెత్త సంచీలో వదలకండి. చెత్త ఏరే మనిషి చేతులు కోసుకుంటాయి. మూత గట్టిగా పట్టే రేకు డబ్బా ఒకటి తీసుకుని, మూతకి బ్లేడు దూరేంత సన్నని గాటు పెట్టి, మూత చుట్టూ టేపు వేసేయండి. వాడిన బ్లేడు ఆ గాటులోంచి లోపల వేయడమే. ఏళ్ల తరబడి సరిపోతుంది. నిండాక గాటుని కూడా టేపుతో మూసి, పైన ‘బ్లేడ్లు’ అని పెద్దక్షరాల్లో రాసి, పారిశుద్ధ్య సిబ్బందికి చెప్పి చేతికివ్వండి.