చిరునామా రుజువు లేని సెక్స్ వర్కర్లకు ఆధార్ ఎలా?

నమస్తే అండీ. అద్దె కాగితం కూడా లేదని మీ ప్రాజెక్టులోని సెక్స్ వర్కర్లను ఆధార్ సెంటర్ వాళ్లు తిప్పి పంపుతున్నారని రాశారు. వాళ్లను చిరునామా రుజువు అడగాల్సిన పనే లేదు. 2022 మే 19న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం ప్రకారం, జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో)లోని గెజిటెడ్ అధికారి గానీ రాష్ట్ర ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ప్రాజెక్ట్ డైరెక్టర్ గానీ ఆధార్ జారీ చేసే యుఐడీఏఐ నమూనాలో ఇచ్చిన ధ్రువపత్రం చాలు. మీ సంస్థ లెటర్‌హెడ్ మీద రాసిచ్చింది మాత్రం పనికిరాదు.

ముందు ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి, ఎప్పుడైనా, ఏ ఊళ్లోనైనా, ఏ పేరుతోనైనా ఆధార్‌కు వేలిముద్రలు ఇచ్చారా అని నెమ్మదిగా అడగండి. పాతది ఉంటే కొత్త నమోదును డూప్లికేట్ అని తిరస్కరిస్తారు, నెలలు వృథా. అప్పుడు పాత నంబరే వెతికించాలి. అందుకు ఆధార్ హెల్ప్‌లైన్ 1947కు ఫోన్ చేయండి.

ధ్రువపత్రంలోనూ నమోదు ఫారంలోనూ పేరు, పుట్టిన తేదీ అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. 'లక్ష్మి' ఒకచోట, 'లక్ష్మమ్మ' ఇంకోచోట ఉంటే మళ్లీ మొదటికే. కొట్టివేతలు వద్దు. స్టాంపు సగం ఫొటో మీద, సగం కాగితం మీద పడాలి. కొత్త నమోదుకు రుసుము లేదు.

దయచేసి ప్రాజెక్టు బ్యాడ్జీలతో గుంపుగా తీసుకెళ్లకండి. వాళ్ల వృత్తిని బయటపెట్టే కోడ్ ఏదీ నమోదు నంబరులో ఉండకూడదని అదే ఆదేశం చెబుతోంది. క్యూలో మన వల్ల అది బయటపడకూడదు.