మెథడాలజీ క్లాసులు వదిలేసి కోచింగ్‌కు పోవచ్చా?

ప్రశ్న: మాది ఎమ్మిగనూరు దగ్గర పల్లె. బీఎస్సీ ఎంపీసీ చదివి, ఎడ్‌సెట్ రాసి కర్నూలులో బీఈడీలో చేరాను. ఫిజికల్ సైన్స్ మెథడాలజీ (బోధనా పద్ధతుల) క్లాసులు ఈమధ్యే మొదలయ్యాయి. లక్ష్యాలు, స్పష్టీకరణలు, పాఠ్యపథకం అంటూ రాయిస్తున్నారు. సబ్జెక్టు నాకు వచ్చు కదా, ఇదంతా దేనికో అర్థం కావడం లేదు. మైక్రో టీచింగ్‌లో తోటి విద్యార్థులనే పిల్లలనుకుని పాఠం చెప్పాలంటే టెన్షన్‌గా ఉంది, అంతా నటనలా అనిపిస్తోంది. రికార్డులు సీనియర్ల దగ్గర తీసుకుని దించేసి, ఈ రెండేళ్లూ డీఎస్సీ (ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల పరీక్ష) కోచింగ్‌లో కూర్చోమని కొందరు చెబుతున్నారు. మా నాయన కూడా అదే మేలేమో అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక బీఈడీ విద్యార్థిని, కర్నూలు జిల్లా

జవాబు: సూటిగానే చెబుతానమ్మా. కాలేజీ మానొద్దు, రికార్డు దించొద్దు. కోచింగ్‌కు తర్వాత చాలా టైముంది.

సబ్జెక్టు మీకు వచ్చన్న మాట నిజమే అనుకుందాం. ఆమ్లాలు కార్బొనేట్లతో చర్య జరిపితే లవణం, నీరు, కార్బన్ డయాక్సైడ్ వస్తాయి. ఇది మిమ్మల్ని నిద్రలేపి అడిగినా చెప్పగలరు. బోర్డు మీద సమీకరణం రాస్తారు, తుల్యం చేస్తారు, పిల్లలు నోట్సులో ఎక్కించుకుంటారు, పాఠం అయిపోయిందనుకుంటారు. వారం తర్వాత అదే పిల్లను అడిగి చూడండి. సమీకరణం ఉంటే ఉంటుంది, విషయం మాత్రం ఉండదు.

ఇదే పాఠం ఇంకోలా మొదలుపెట్టొచ్చు. మన వైపు ఎన్నో ఇళ్లలో వంటగట్టుకు వేసేది కడప బండ, నేలకు పరిచేది బేతంచెర్ల బండ. రెండూ సున్నపురాయే, అంటే అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. కోసిన నిమ్మచెక్క ఆ నల్లటి గట్టు మీద బోర్లా పడి రాత్రంతా ఉంటే, తెల్లారేసరికి అక్కడ పాలిపోయిన మచ్చ కనిపిస్తుంది. ఎంత తోమినా పోదు. అమ్మ కేకలేసే ఉంటుంది కాబట్టి ఆ మచ్చ సంగతి పిల్లలకు బాగానే తెలుసు. “ఆ మచ్చ ఎందుకు పడిందబ్బా?” అని అడిగి ఆగండి. “పులుపుకు బండ తినేసింటాది మేడం” అని ఒకరు అంటారు. వెనక బెంచీ నుంచి ఇంకో పిల్లాడు లేచి, “మాది గ్రానైట్ గట్టు మేడం, మాకట్ల పడదు” అంటాడు.

ఇప్పుడు మీరేం చేస్తారు? సబ్జెక్టు మాత్రమే తెలిసిన టీచరు ఆ పిల్లాణ్ని కూర్చోమని చెప్పి పాఠంలోకి వెళ్లిపోతుంది. ఆ మాట వస్తుందని ముందే ఊహించి సిద్ధమైన టీచరుకు అసలు పాఠం అక్కడే దొరుకుతుంది. బల్ల మీద రెండు బండ ముక్కలూ పక్కపక్కన పెట్టి, ల్యాబ్‌లోని సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం చెరో చుక్క వేయిస్తుంది. ఒకదాని మీద బుసబుసమని నురగ వస్తుంది, రెండోది కదలదు. మచ్చపడే బండలో ఏముందో, పడని బండలో ఏది లేదో పిల్లలే చెబుతారు. నురగలో ఏ వాయువుందని అడిగి, దాన్ని సున్నపుతేట గుండా పోనిచ్చి, తేట పాలలా మారడం చూపిస్తుంది. పిల్లలు ఊపులో ఉంటే కొలిమిగుండ్ల దగ్గరి బెలూం గుహల దాకా తీసుకెళ్లొచ్చు. కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకున్న నీరు యుగాల తరబడి సున్నపురాతిని కరిగించుకుంటూ పోతే ఏర్పడినవే 3,229 మీటర్ల పొడవున్న ఆ గుహలు. రసాయనం ఒకటే, పట్టిన కాలమే వేరు.

పాఠ్యపథకంలో మీతో గడులు గీయించి రాయిస్తున్నది ఈ ఊహనే. నేనేం అడుగుతాను, పిల్లలు ఏమనొచ్చు, తప్పు చెబితే నా తర్వాతి ప్రశ్న ఏమిటి? ఇవి రాసుకోని పాఠ్యపథకం కాగితం దండగే. సీనియర్ రికార్డు దించితే మార్కులు పడతాయేమో గానీ, గ్రానైట్ పిల్లాడు మీ క్లాసులో లేచినప్పుడు ఆ రికార్డు మీ పక్కన ఉండదు.

ఆ గడుల్లో అందరూ రెండు ముక్కలతో సరిపెట్టేది ‘పూర్వజ్ఞానం’. మీరు మాత్రం అలా చేయకండి. మీది పడమటి కర్నూలు. మిరప కోతల కాలంలో మంత్రాలయం, కోసిగి, ఆదోని పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు వైపు వలసపోవడం మీ కళ్లతో చూసే ఉంటారు. తల్లిదండ్రుల వెంట పోయిన పిల్ల బడికి తిరిగొచ్చేసరికి నాలుగు పాఠాలు దాటిపోయి ఉంటాయి. కొన్ని ఊళ్లలో పిల్లలు ఇంట్లో మాట్లాడేది కన్నడం. “విద్యార్థులకు పరమాణువు గురించి తెలుసు” అని రాసి సంతకం పెట్టించుకోవడం సులువే. కానీ క్లాసులో ఎంతమందికి తెలుసు, తెలియని వాళ్లను ఏ ప్రశ్నతో కనిపెడతారు అన్నది రాయాలి. దానికి ప్రాంతం తెలిసిన మీలాంటి వాళ్లే కావాలి. మీ ఊరి అమ్మాయి టీచరు కావడం ఆ పిల్లలకు ఎంత బలమో మీకు ఇంకా తెలియకపోవచ్చు, నాకు మాత్రం దాని మీద గట్టి నమ్మకం.

ఇక మైక్రో టీచింగ్. అది కృత్రిమంగానే ఉంటుంది, అందులో దాచేదేమీ లేదు. 1963 ప్రాంతంలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో దాన్ని రూపొందించిందే ఒకసారికి ఒక్క నైపుణ్యాన్ని విడదీసి సాధన చేయించడానికి. మన దగ్గర పాటించే పద్ధతిలో 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు లోటుపాట్లు వినడం, 12 నిమిషాలు మళ్లీ సిద్ధం కావడం, మరో 6 నిమిషాలు తిరిగి బోధన, 6 నిమిషాలు మళ్లీ వినడం, మొత్తం 36 నిమిషాలు. చాలామంది మొదటి 6 నిమిషాలు ముగించి ‘బాగుంది’ అనిపించుకుని కూర్చుంటారు. ఫలితమంతా ఆ తర్వాతి 12 నిమిషాల్లో ఉంది. అందుకని స్నేహితురాలికి ఒక పని అప్పజెప్పండి. మీరు అడిగిన ప్రతి ప్రశ్ననూ ఉన్నదున్నట్టు రాసిపెట్టమనండి. అందులో ‘అర్థమైందా?’, ‘అవునా కాదా?’ అన్నవి ఎన్నో చూసుకోండి. వాటిని తీసేసి ‘ఎందుకు’, ‘ఎలా తెలిసింది’ అన్నవి పెట్టి రెండోసారి చెప్పండి.

ప్రశ్న అడిగాక నోరు మూసుకుని ఆగడం కూడా సాధన చేయాల్సిందే. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మించి ఆగడం లేదని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతాయని, చెప్పలేని వాళ్లు తగ్గుతారని మేరీ బడ్ రో అనే అమెరికన్ సైన్స్ విద్యా పరిశోధకురాలు 1970లలో చూపించింది. మూడు సెకన్లు వినడానికి ఎంత? క్లాసులో నిలబడినప్పుడు అది ఎంత పొడుగో తెలుస్తుంది. మీ టెన్షన్‌కు కూడా ఇదే మందు. ఆగడం అలవాటైతే గుక్కతిప్పుకోకుండా మాట్లాడాలన్న కంగారు తగ్గుతుంది.

నాయనకు చెప్పాల్సిన లెక్కలు వేరే ఉన్నాయి. టీచర్ శిక్షణ కోర్సులను నియంత్రించే ఎన్‌సీటీఈ 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్లదైంది. క్లాసులకు, ప్రాక్టికల్స్‌కు 80 శాతం, స్కూల్ ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. రెండేళ్లలో కలిపి 20 వారాలు బడిలోనే ఉండాలి. ఫీజు కట్టి ఇంత అవకాశాన్ని చేజార్చుకోవడం ఏం లాభమో ఆయన్నే ఆలోచించమనండి. రెండోది, డీఎస్సీ మన లెక్క ప్రకారం రాదు. 2018 తర్వాత నియామకాల దాకా వచ్చిన డీఎస్సీ 16,347 పోస్టులతో 2025లో వచ్చింది. తేదీ తెలియని పరీక్ష కోసం మొదటి ఏడాది నుంచే కాలేజీ ఎగ్గొట్టమని నేనైతే ఎవరికీ చెప్పను. పైగా స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్ సబ్జెక్టు టీచరు) పోస్టు సిలబస్‌లో కంటెంట్‌తో పాటు మెథడాలజీ, విద్యా మనోవిజ్ఞానం కూడా ఉంటాయి. ఇప్పుడు శ్రద్ధగా చేస్తే అవి మళ్లీ మొదటి నుంచి చదవక్కర్లేదు. ప్రైవేటు స్కూలుకు పోయినా ముందు డెమో క్లాసే అడుగుతారు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. బీఈడీతో ఎస్జీటీ (ప్రాథమిక బడి టీచరు) పోస్టుకు పోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి. ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత చెల్లదని సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో తీర్పు ఇచ్చింది. ఆ పోస్టులు ప్రాథమిక టీచర్ శిక్షణ అయిన డీఎడ్ చేసిన వాళ్లవి. మీ దారి స్కూల్ అసిస్టెంట్, దానికి టెట్ (టీచర్ అర్హత పరీక్ష) రెండో పేపరు కావాలి. 150 మార్కుల్లో శిశు వికాసం, తెలుగు, ఇంగ్లిష్‌కు తలా 30, గణితం–సైన్స్‌కు 60. ఓసీలకు 60 శాతం, బీసీలకు 50, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 శాతం వస్తే అర్హత. ఒకసారి వచ్చిన సర్టిఫికెట్ జీవితాంతం చెల్లుతుంది. అయితే డీఎస్సీలో టెట్ మార్కులకు 20 శాతం వెయిటేజీ ఉంది కాబట్టి అర్హత వచ్చిందని ఆగిపోకుండా, మార్కులు తక్కువ పడితే మళ్లీ రాయండి. మీకు సైన్స్ ఇబ్బంది కాదు. శిశు వికాసం, ఇంగ్లిష్ మీద ఈ మొదటి సెమిస్టర్ నుంచే రోజూ సాయంత్రం ఒక గంట పెట్టండి, కోచింగ్ సంగతి రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ అయ్యాక చూసుకోవచ్చు.