జోన్ వచ్చింది సరే, అది పుట్టగొడుగుదేనా?

ప్రశ్న: సార్, కావలిలో బీఎస్సీ మైక్రోబయాలజీ ఫైనలియర్ చదువుతున్నాను. మాది ఉదయగిరి వైపు పల్లె. కార్తీకం వానలకు చెదపుట్టల దగ్గర లేచిన పుట్టగొడుగుల్ని ఎండబెట్టి, పొడికొట్టి, ఇథనాల్‌లో నానబెట్టాను. ఆ రసం అద్దిన కాగితపు డిస్కు చుట్టూ, స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా పెంచిన ప్లేటులో 14 మిల్లీమీటర్ల జోన్, అంటే బ్యాక్టీరియా పెరగని ఖాళీ వలయం, వచ్చింది. కొత్త యాంటీబయోటిక్ దొరికినట్టేనా? ఫ్రెండ్స్ అప్పుడే పేటెంట్ అంటున్నారు!
- ఓ విద్యార్థిని

జవాబు: పేటెంట్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఇది చెప్పండి, ఒట్టి ఇథనాల్ అద్దిన డిస్కును కూడా అంతేసేపు ఆరబెట్టి అదే ప్లేటులో పెట్టారా? పెట్టకపోతే ఆ జోన్ గొడుగుదో ఇథనాల్‌దో ఎవరూ చెప్పలేరు.

పెట్టారు, దానికి జోన్ రాలేదు అంటే మంచిదే, కానీ అప్పుడే గంతులొద్దు. లవంగ నూనె వేసినా బ్యాక్టీరియా చస్తుంది. చంపే పదార్థాలకు కరువు లేదమ్మా, బ్యాక్టీరియాను చంపి మన కణాల జోలికి పోని పదార్థానికే కరువు. అందుకని ఎంత తక్కువ మోతాదులో పనిచేస్తోందో చూడండి. ముడి రసాలు సాధారణంగా మిల్లీలీటరుకు మిల్లీగ్రాముల్లో వేస్తేగాని పనిచేయవు, అసలైన యాంటీబయోటిక్‌లకు అందులో వెయ్యో వంతు, అంటే మైక్రోగ్రాములు చాలు. ఆ రసం ఎర్ర రక్తకణాలను పగలగొడుతోందేమో కూడా చూడాలి. పగలగొడితే అది మందుగా పనికిరాదు.

నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. వానకు నాని ఈగలు ముసిరిన గొడుగులో బ్యాక్టీరియా బోలెడంత కాపురముంటుంది, వాటిలో బేసిల్లస్ లాంటివి సొంతంగానే యాంటీబయోటిక్‌లు తయారుచేస్తాయి. కాబట్టి ఈసారి అప్పుడే విచ్చుకుంటున్న గొడుగును తెచ్చి, నిలువునా చీల్చి, గాలి తగలని లోపలి కండలోంచి కాల్చిన బ్లేడుతో బియ్యపు గింజంత ముక్క తీసి, శిలీంధ్రాలను పెంచే పొటాటో డెక్స్‌ట్రోజ్ అగార్ మీద పెట్టండి. అలా పెరిగిన శుద్ధమైన బూజు నుంచి తీసిన రసానికీ జోన్ వస్తే అప్పుడు అది గొడుగుదే. చెదపుట్ట గొడుగు, అంటే టెర్మిటోమైసెస్, ప్లేటులో నత్తనడక నడుస్తుంది, టెన్షన్ పడకండి. పీకేటప్పుడు పుట్టలోకి దిగిన పొడవాటి వేరు తెగకుండా తవ్వి, అడుగున రేకులు కనిపించేలా ఫొటో తీసి, ఒక నమూనా ఎండబెట్టి దాచండి. అదేం గొడుగో రుజువు లేకపోతే మీ ఫలితాన్ని ఇంకెవరూ తిరిగి చేసి చూడలేరు.

ఈ దారిలో అసలు మందు రాలేదా అంటే వచ్చింది. 1951లో గొడుగుల నుంచి ప్లూరోమ్యుటిలిన్ తీశారు. దాన్ని మార్చి చేసిన టియాములిన్‌ను పందులకు, కోళ్లకు వాడుతున్నారు. మనుషుల చర్మానికి రాసే రెటపాములిన్‌కు అమెరికాలో 2007లో, న్యుమోనియాకు ఇచ్చే లెఫాములిన్‌కు 2019లో అనుమతి వచ్చింది. ఎంత కాలం పట్టిందో మీరే లెక్కేసుకోండి!

ఒక ఉచిత సలహా: బ్యాక్టీరియా ఒక్కదాని మీదే పరీక్షించకండి. మన మిరప రైతులు కాయకుళ్లుకు కొట్టే అజాక్సీస్ట్రోబిన్‌కు మూలం పైన్ కాయల మీద మొలిచే ఒక చిన్న గొడుగు. దగ్గర్లోని మిరప చేలో కుళ్లిన కాయ నుంచి శిలీంధ్రం తీసి, మీ రసం దాని మీదా పెట్టి చూడండి. నాకైతే ఆ ప్రాజెక్టే ఎక్కువ నచ్చుతుంది. నిజంగా పేటెంట్ దాకా వెళ్తే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థతోనూ పని పడుతుంది, ఆ సంగతి మీ మేడంగారికి ముందే చెప్పి ఉంచండి.

ప్రశ్న: అడవి గొడుగుల కూరలో వెల్లుల్లి వేస్తే నల్లబడకపోతే విషం లేనట్టేనని మా అత్తయ్య అంటారు. నిజమేనా అండీ?
- ఓ గృహిణి, గిద్దలూరు

జవాబు: కాదండీ. వెల్లుల్లికీ వెండి చెంచాకూ ఆ విషం తెలియదు. అమానిటా జాతి గొడుగుల్లో కొన్నింటిలో ఉండే విషం ఉడికించినా పోదు. తిన్న 6 నుంచి 24 గంటలకు వాంతులు, విరేచనాలు మొదలై, తర్వాత తగ్గినట్టే తగ్గి, ఆపైన కాలేయం దెబ్బతింటుంది. అందుకే వాంతులు కట్టుకున్నాయి కదా అని ఇంట్లో కూర్చోవద్దు, మిగిలిన గొడుగు ఒకటి కాగితంలో చుట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి.