కూలిందా, కూల్చారా?

సందేహం: 2020లో టెహ్రాన్ దగ్గర నేలకూలిన ఉక్రెయిన్ విమానం గురించి ఒక వ్యాసం చదివాను. ఒకచోట 'కూలింది', ఇంకోచోట 'కూల్చబడింది', మరోచోట 'పొరపాటున కూలింది' అని ఉంది. ఏది సరైనది?

సమాధానం: మూడోది తప్పు. విమానం తనంతట తాను పొరపాటు పడదు కదా! 'పొరపాటున కూల్చారు' అనాలి. మొదటి రెండూ వ్యాకరణానికి లొంగేవే. కానీ 'కూలింది' అంటే విమానమే కర్త. 'కూల్చారు' అనగానే విమానం కర్మ అవుతుంది, కర్త ఎవరన్న ప్రశ్న వస్తుంది. గ్లాసు పగలగొట్టిన పిల్లవాడు 'పగిలిపోయింది' అనేది అందుకే. 'కూల్చబడింది' ఈ రెంటికీ మధ్యలో నిలబడి, ఎవరో చేశారని ఒప్పుకుంటూనే పేరు మింగేస్తుంది. పైగా మన నోట పలికే తెలుగు కాదది.

అలాగని 'కూలింది' ఎప్పుడూ తప్పు కాదు. జనవరి 8న ఆ విమానం పడిపోయి 176 మంది చనిపోయిన పూట, కారణం తేలకముందు, అంతకుమించి రాయలేం. ఇరాన్ అధికారులు మొదట సాంకేతిక లోపమన్నారు. 11న తమ సైన్యమే క్షిపణులతో కూల్చిందని ఒప్పుకున్నారు. ఆ తర్వాత కూడా 'కూలింది' అని రాస్తే తెలిసిన నిజాన్ని దాచినట్టే.

ఇక 'పొరపాటున' అనేది ఎవరి మాట? కూల్చినవాళ్ల మాటైతే దానికి మన తెలుగులో 'అని' ఉంది. 'పొరపాటున కూల్చామని ఇరాన్ చెప్పింది' అంటే చాలు, ఆ మాట బరువు చెప్పినవాళ్ల మీదే ఉంటుంది.

1988 జులై 3న ఇరాన్ ఎయిర్ 655 విమానాన్ని అమెరికా యుద్ధనౌక విన్సెన్స్ కూల్చింది. చనిపోయిన 290 మందిలో 66 మంది పిల్లలు, పదిమంది భారతీయులు. యుద్ధ విమానం తమ మీదికి దిగుతోందనుకున్నామని నౌక సిబ్బంది చెప్పారు. నౌకలోని కంప్యూటర్ రికార్డులో మాత్రం అది పైకి ఎక్కుతూనే ఉంది. ఇక్కడ 'పొరపాటు' అని రాసి ఊరుకుంటే ఈ సంగతి పాఠకుడికి అందదు. 1996లో అమెరికా ఆ కుటుంబాలకు 6.18 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది, చట్టపరమైన బాధ్యతను మాత్రం ఒప్పుకోలేదు. కాబట్టి దాన్ని 'నష్టపరిహారం' అనకండి, 'ఎక్స్‌గ్రేషియా' అనండి. మన బస్సు ప్రమాదాల వార్తల్లోనూ ఈ రెంటినీ కలిపేస్తున్నారు. ఒకటి హక్కుగా వచ్చేది, రెండోది దయతో ఇచ్చేది.

కర్త ఎవరో తేలినా ఒప్పుకోని సందర్భాలూ ఉంటాయి. 2014లో తూర్పు ఉక్రెయిన్‌పై 298 మందితో వెళ్తున్న మలేసియా విమానం ఎంహెచ్17ను 'బుక్' అనే రష్యా తయారీ క్షిపణితో కూల్చారు. 2022లో నెదర్లాండ్స్ కోర్టు ముగ్గురిని దోషులుగా తేల్చింది. రష్యా తన ప్రమేయం లేదనే అంటోంది. అక్కడ 'కూల్చారు' అని నిస్సంకోచంగా రాయండి. ఎవరు కూల్చారన్నది మాత్రం కోర్టు పేరు చెప్పి రాయండి.